దగ్గరితనానికి ఎన్ని గంటలు పడుతుంది?

నెల్లూరు మాగుంట లేఅవుట్ తీసుకున్నా, ఒంగోలు లాయర్‌పేట తీసుకున్నా, డెబ్బై దాటిన భార్యాభర్తలు ఇద్దరే ఉండే ఇళ్లు వీధికి రెండు మూడుంటాయి. కొడుకు డాలస్‌లో, కూతురు బెంగళూరులో. రోజూ ఫోన్ వస్తుంది, మందులు ఇంటికే వస్తాయి, డబ్బుకు లోటు లేదు. అయినా ఆ పెద్దావిడ డాక్టరు ముందు కూర్చుని "ఏందో నాయనా, పొద్దు పోవడం లేదు, ఊరికే దడగా ఉంటది" అంటుంది. ఈసీజీ తీస్తే శుభ్రంగా ఉంటుంది. అదే వీధిలో అద్దెకుండే ముప్పై ఏళ్ల కుర్రాడి ఫోన్‌లో ఎనిమిది వందల నంబర్లుంటాయి. రాత్రి పదకొండింటికి జ్వరం కాస్తే వాటిలో దేనికి చెయ్యాలో తేల్చుకోలేడు.

ఈ ఇద్దరి సంగతి ఎత్తగానే అందరం సెల్‌ఫోన్‌ను తిడతాం. దాని పాపం దానికుంది గానీ, అసలు కారణం అంతకంటే మొద్దుగా, లెక్కలకు దొరికేదిగా ఉంటుంది. మనుషులు దగ్గరవడానికి గంటలు కావాలి. మళ్లీ మళ్లీ కలిసే ఒక చోటు కావాలి. ఒకరితో ఒకరికి చిన్నదో పెద్దదో పని పడాలి. పాత బతుకుల్లో ఈ మూడూ ఎవరూ పూనుకోకుండానే దొరికేవి: పొలం, బావి, అరుగు, సినిమా హాలు ముందు క్యూ. ఇప్పుడు ఎవరో ఒకరు కూర్చుని వీటిని ఏర్పాటు చెయ్యాలి. మనకు అది అలవాటు లేదు. పైగా, స్నేహానికి కూడా టైమ్‌టేబులా అని నామోషీ.

నామోషీ పడాల్సినంత చిన్న విషయమైతే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీని మీద ఒక కమిషన్ వేసింది. 2025 జూన్‌లో వచ్చిన ఆ కమిషన్ నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. దానితో ముడిపడిన మరణాలు ఏడాదికి 8.71 లక్షలని అంచనా కట్టారు. అంతకుముందు 2010లో అమెరికా పరిశోధకురాలు జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాలను, మూడు లక్షల పైచిలుకు మనుషుల వివరాలను కలిపి చూసింది. గట్టి మానవ సంబంధాలున్న వాళ్లు అధ్యయన కాలం ముగిసేసరికి బతికి ఉండే అవకాశం మిగతావాళ్ల కంటే 50 శాతం ఎక్కువని తేలింది. డాక్టరు బీపీ, షుగరు అడుగుతాడు, సిగరెట్టు అడుగుతాడు. "ఈ వారం ఎవరింటికైనా పోయావా?" అని అడగడు.

ఒక తేడా ముందే చెప్పుకోవాలి. ఒక్కరే ఉండటం వేరు, ఒంటరితనం వేరు. చుట్టూ ఎంతమంది ఉన్నారన్నది తలలు లెక్కబెడితే తెలుస్తుంది. ఒంటరితనం మాత్రం మనకు కావాల్సిన దగ్గరితనానికీ, దొరుకుతున్న దానికీ మధ్య ఉన్న ఖాళీ. అందుకే పదిమంది ఉన్న ఉమ్మడి ఇంట్లో కొత్తకోడలు ఒంటరి కావచ్చు, తోటలో ఒక్కడే ఉండే కాపలా మనిషి కాకపోవచ్చు. ఈ తేడా తెలియకే పిల్లలు "అమ్మ చుట్టూ మనుషులుండాలి" అని పనిమనిషిని ఇద్దరిని పెడతారు. తలలు పెరుగుతాయి, ఖాళీ అలాగే ఉంటుంది.

గంటల లెక్క

కాన్సస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు కొత్త ఊరికి మారిన పెద్దవాళ్లనూ, అప్పుడే కాలేజీలో చేరిన విద్యార్థులనూ తీసుకుని స్నేహానికి ఎంత సమయం పడుతుందో లెక్క గట్టాడు. 2018లో బయటకొచ్చిన ఆ లెక్క ప్రకారం ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటలు, స్నేహితుడని చెప్పుకునే దాకా రావడానికి 90, ప్రాణస్నేహానికి 200 పైన. ఇంకో మాట కూడా తేలింది: పక్కపక్కన కూర్చుని ఉద్యోగం చేసిన గంటలు ఈ లెక్కలో పెద్దగా కలిసిరావు. ఊసుపోక మాట్లాడిన గంటలు, కలిసి తిన్న గంటలు, తిరిగిన గంటలు కలిసొస్తాయి. పదేళ్లు ఒకే ఆఫీసులో చేసి, బదిలీ అయిన మర్నాడే ఒకరికొకరు గుర్తురాకపోవడంలో వింత లేదన్నమాట.

దీన్ని మన బతుకులకు అన్వయించుకుంటే చాలా సంగతులు విడిపోతాయి. హాస్టల్లో ఒకే గదిలో ఉన్న పిల్లలు నిద్రా క్లాసులూ పోను రోజుకు ఆరు గంటలు కలిసి గడిపినా 200 గంటలు 34 రోజుల్లో అయిపోతాయి. దసరా సెలవులకు ముందే ప్రాణస్నేహితులు. అదే నలభై ఏళ్ల వాడు వాకింగ్‌లో పరిచయమైన మనిషిని నెలకోసారి గంటసేపు కలిస్తే మొదటి 50 గంటలకే నాలుగేళ్లు దాటుతుంది. "ఈ వయసులో కొత్త స్నేహాలు కుదరవండీ" అనే మాటలో వయసు దోషం తక్కువ, నెలకోసారి అనే దాని దోషం ఎక్కువ.

ప్రకాశం జిల్లాలో పొగాకు పండించే ఊళ్లలో పెద్దవాళ్లను కదిపితే బ్యారన్ (ఆకును వేడితో ఎండబెట్టే కొట్టం) కబుర్లు తప్పకుండా వస్తాయి. పచ్చాకును కర్రలకు కట్టి బ్యారన్‌లో వేలాడదీసి క్యూరింగ్ మొదలుపెడితే ఒక్కో విడతకు దాదాపు వారం. పొయ్యి రాత్రింబగళ్లు మండాలి. మొదట తక్కువ వేడి మీద ఆకు పండుబారాలి, తర్వాత మెల్లగా వేడి పెంచుతూ ఆకు, ఆఖరున ఈనె ఎండాలి. మంట హెచ్చితే రంగు పోతుంది, రంగు పోతే వేలంలో రేటు పోతుంది. అంచేత ఇద్దరు ముగ్గురు రాత్రంతా పొయ్యి దగ్గర మేలుకుని ఉండాల్సిందే. చెయ్యాల్సిన పని గంటకోసారి కట్టె ఎగదోయడం, థర్మామీటరు చూడటం. మిగతా సమయమంతా మాటలే. ఒక సీజన్‌లో అలాంటి విడతలు ఎన్నో. అక్కడ కూడిన గంటలు ఎవరూ స్నేహం కోసం పెట్టినవి కావు, ఆకు కోసం పెట్టినవి. రొయ్యల గుంటల గట్టు మీద రాత్రి కాపలా కూడా చూడటానికి అలాగే ఉంటుంది గానీ, అక్కడ తరచుగా గుంటకొక మనిషి, గుడిసెకొక ఫోన్. కరెంటు పోతే జనరేటర్ వెయ్యడానికి మేలుకునే ఆ కుర్రాళ్లకు మాట్లాడే రెండో మనిషి ఉండడు.

సమయమంతా పెళ్లిళ్లకే

మరి మన దగ్గర గంటలే లేవా? ఉన్నాయి, పరిచిన చోట పలచగా పరిచాం. బ్రిటన్ మానవశాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ 1990ల నుంచి చెబుతున్న లెక్క ఒకటుంది. మనిషి నిలబెట్టుకోగల సంబంధాలు పొరలు పొరలుగా ఉంటాయి: అతి దగ్గరివాళ్లు ఐదుగురు, వాళ్లతో కలిపి దగ్గరివాళ్లు పదిహేను, స్నేహితులనదగ్గవాళ్లు యాభై, పేరూ ఊరూ తెలిసి పలకరించుకునేవాళ్లు నూట యాభై. ఈ నూట యాభై అంకె మీద వాదాలున్నాయి. స్టాక్‌హోం పరిశోధకులు 2021లో మళ్లీ లెక్క వేసి, అంత కచ్చితమైన హద్దు గీయడం కుదరదన్నారు. అంకెను పక్కన పెట్టినా పొరల సంగతి పనికొస్తుంది. డన్‌బార్ లెక్కలో మనం మనుషుల కోసం పెట్టే సమయంలో 40 శాతం ఆ ఐదుగురికి, ఇంకో 20 శాతం ఆ తర్వాతి పదిమందికి పోతుంది. అంటే పదిహేను మందికే అరవై శాతం.

ఇప్పుడు శ్రావణం మొదలైన ఇంట్లో వారాంతం ఎలా నడుస్తుందో చూడండి. కావలిలో పెళ్లి. నెల్లూరు నుంచి పోయి రావడం, పార్కింగు, క్యూ, భోజనం కలిపి ఐదు గంటలు. పెళ్లివారితో గడిపింది స్టేజీ మీద అర నిమిషం, అదీ ఫొటోగ్రాఫర్ వైపు చూస్తూ. కవరు చదివింపుల బల్ల దగ్గర ఇస్తే పేరు రాసుకున్నారు, మన హాజరు పడింది. సాయంత్రం ఓణీల ఫంక్షన్, రేపు గృహప్రవేశం. నెలకు ఆరు ఇలాంటివి వేసుకుంటే ముప్పై గంటలు నూట యాభై అవతలి పొరకు ధారపోశాం. అదే నెలలో చిన్నాన్న ఇంటికి పోయి గంట కూర్చోవడానికి తీరలేదు.

ఫంక్షన్లు మానెయ్యమంటే కుదరదు, మానేస్తే మన ఇంటి శుభకార్యానికి ఎవరూ రారు. చెయ్యగలిగింది మూడు. మొదటిది, ఇంటికి ఒకరే పోవడం. నలుగురూ పోనక్కర్లేని పిలుపులు సగం పైనే ఉంటాయి. రెండోది, ముహూర్తానికి కాకుండా ముందురోజు మధ్యాహ్నం పోవడం. అప్పుడు ఇంట్లో మనుషులు దొరుకుతారు, వక్కాకు పొట్లాలు కడుతూ రెండు గంటలు మాట్లాడొచ్చు, ఆ ఇంటివాళ్లు దాన్ని జన్మలో మర్చిపోరు. మూడోది, ఆ ఊరు వెళ్లినప్పుడు అక్కడున్న పదిహేను మందిలో ఒకరింటికి దారిలో పోయి రావడం. పెళ్లి భోజనం ఎగ్గొట్టి వాళ్లింట్లో చారన్నం తిన్నా నష్టం లేదు.

అల్లంత దూరపు మనుషుల విలువ

దగ్గరివాళ్ల సంగతి ఇలా ఉంటే, దూరపువాళ్ల అవసరం ఇంకోలాంటిది. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక సంగతి చూపించాడు: ఉద్యోగం గురించిన కబురు ఎక్కువగా ప్రాణస్నేహితుల నుంచి రాదు, అప్పుడప్పుడూ కనిపించే పరిచయస్తుల నుంచి వస్తుంది. మన దగ్గరివాళ్లకు మనకు తెలిసిందే తెలుసు కదా. 2014లో జిలియన్ శాండ్‌స్ట్రామ్, ఎలిజబెత్ డన్ మరో అడుగు వేశారు. ఇలాంటి పైపై పరిచయాల పలకరింపులు ఎక్కువగా పడిన రోజున మనుషులు ఎక్కువ సంతోషంగా ఉన్నారని తేలింది.

మన దగ్గర ఈ పాత్రకు గంపలో చేపలు తెచ్చే ఆవిడ సరిపోతుంది. మైపాడు వైపు నుంచి పొద్దున్నే వస్తుంది. ఏ ఇంట్లో బొమ్మిడాయిలు తింటారో, ఏ ఇంట్లో శనివారం ముట్టరో, ఎవరి కోడలు పురిటికి వెళ్లిందో ఆమెకు తెలుసు. బేరం రెండు నిమిషాలు, కబుర్లు ఐదు. రెండు రోజులు తలుపు తియ్యకపోతే పక్కింట్లో అడుగుతుంది, "ముసలమ్మ కనిపించడం లేదే?" అని. ఈ కాపలా ఏ సీసీ కెమెరా ఇవ్వదు. అపార్టుమెంటు గేటు దగ్గర "అమ్మకందారులకు ప్రవేశం లేదు" అని బోర్డు పెట్టినప్పుడు మనం పోగొట్టుకున్నది ఇదీ.

అన్నీ యాప్‌లో తెప్పించుకునే ఇళ్లకు సలహా ఒక్కటే: ఏదో ఒక కొనుగోలు కాళ్లతో చెయ్యండి. పాలో, పూలో, ఆదివారం చేపలో. ఒకే కొట్టు, ఒకే వేళ. కొట్లు మారుస్తూ పోతే పరిచయం మళ్లీ సున్నా నుంచి మొదలు. రూపాయో రెండో ఎక్కువైనా అక్కడే కొనండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ పని వాళ్లకే వదిలెయ్యండి, "మీకెందుకు శ్రమ" అనకండి.

నలుగురు కూడే పద్ధతి: దూబగుంట చెప్పిన లెక్క

కొత్తగా మనుషుల్ని కూడగట్టడం ఎలా అన్నదానికి పాఠం కోసం దూరం పోనక్కర్లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో వయోజన విద్య రాత్రి బడులు నడిచాయి. కలిగిరి మండలం దూబగుంటలో ఆ బడికి వచ్చిన ఆడవాళ్లు వాచకంలో సారా మీదున్న పాఠం చదివి, చర్చించుకుని, తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. రోసమ్మ పేరు అక్కడి నుంచే జిల్లా దాటింది. 1992లో ఉద్యమం ఊరూరా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ వెనకే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు నెల్లూరు జిల్లాలో పుట్టాయి.

చరిత్రగా ఇది అందరికీ తెలిసిందే. మనుషులు కూడే యంత్రాంగంగా దీన్ని విప్పి చూడటం తక్కువ. ఆ ఆడవాళ్లు స్నేహం చేద్దామని కూడలేదు, అక్షరాలు దిద్దడానికి కూడారు. రోజూ ఒకే వేళ, ఒకే లాంతరు దగ్గర. తర్వాత వచ్చిన సంఘాల్లోనూ అంతే: పది పదిహేను మంది, ఖాయమైన తేదీ, చిన్న మొత్తం, ఒక పుస్తకం. స్వయం సహాయక సంఘాలకు చెప్పే పంచసూత్రాల్లో పొదుపు రెండోది. మొదటిది క్రమం తప్పని సమావేశం. డబ్బు కంటే కూడటాన్ని ముందు పెట్టినవాళ్లకు మనుషుల సంగతి బాగా తెలుసు.

ఊరు మారినవాళ్లు, రిటైరైనవాళ్లు, అపార్టుమెంటులో ఎవరూ తెలియనివాళ్లు ఇదే మూసలో ఒక చిన్న గుంపు పెట్టుకోవచ్చు. ఆరు నుంచి పది మంది. ఆరు కంటే తగ్గితే ఇద్దరు రాని రోజు వెలవెలపోతుంది, పది దాటితే రెండు ముక్కలై మాట్లాడుకుంటారు. వారానికోసారి గంటన్నర. "అందరికీ వీలైనప్పుడు" అన్న మాట ఎత్తకూడదు, అందరికీ వీలైన రోజు ఎప్పటికీ రాదు. బుధవారమంటే బుధవారం, సాయంత్రం ఆరంటే ఆరు, వానొచ్చినా సరే. ముగ్గురొచ్చినా జరపాలి. చేతికి ఒక పని ఉండాలి: భాగవతం చదవడం, చదరంగం, మేడ మీద కూరమొక్కలు, పక్క బడి పిల్లలకు లెక్కలు చెప్పడం, ఏదైనా. ఊరికే కూర్చుందామంటే మూడో వారానికి మాటలు అయిపోయి ఫోన్లు బయటికొస్తాయి. వారానికి గంటన్నర చొప్పున 50 గంటలు ముప్పై నాలుగు వారాల్లో పూర్తవుతాయి, అంటే ఎనిమిది నెలలు. మూడో నెలలో "పెద్దగా ఎవరితోనూ కలవలేదు" అనిపిస్తే కంగారు పడక్కర్లేదు, లెక్క ప్రకారం ఇంకా సగం దారి కూడా కాలేదు.

ఇవి చెడేది మాత్రం ఎప్పుడూ అవే కారణాల వల్ల. అన్నిటికంటే ముందు తిండి. మొదటి వారం టీ, మరమరాలు. మూడో వారం ఒకావిడ గారెలు వండుతుంది. ఆరో వారానికి బిర్యానీ. ఏడో వారం వంతు వచ్చిన ఇల్లాలికి మోకాళ్ల నొప్పులు, ఎనిమిదో వారం సమావేశం రద్దు. టీ, ఒక్క చిరుతిండి, అంతకు మించి పెట్టినవాళ్లకు వచ్చే వారం ప్రవేశం లేదని నవ్వుతూనే అయినా మొదటిరోజే చెప్పెయ్యాలి. రెండోది చీటీ. పదిమంది నమ్మకస్తులు కనపడగానే ఎవరో ఒకరు "చీటీ వేద్దామా" అంటారు. ఆ రోజుతో స్నేహం పోయి వసూళ్లు మొదలవుతాయి. పొదుపు కోసమే పెట్టిన సంఘం వేరు, దానికి పుస్తకం, బ్యాంకు ఖాతా ఉంటాయి. మూడోది వాట్సాప్ గ్రూపు. తేదీ ఖాయంగా ఉంటే దాని అవసరమే లేదు. పెట్టారంటే శుభోదయాలతో మొదలై, రాజకీయాలతో ముదిరి, ఎన్నికల నాటికి ఇద్దరు గ్రూపులోంచీ గుంపులోంచీ కూడా వెళ్లిపోతారు. ఇంకా ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషి ఒకాయన ప్రతి గుంపుకూ ఉంటాడు. ఆయన్ని ఆపడం కష్టం గానీ, టైమ్ చూసే బాధ్యత ఆయనకే అప్పజెబితే కొంత అదుపులో ఉంటుంది.

ముక్కూ మొహం తెలియనివాళ్లను కూడా ఒక చిన్న ఇచ్చిపుచ్చుకోవడం కలపగలదనడానికి నెల్లూరు రొట్టెల పండుగే ఉంది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్య రొట్టె అని మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి రొట్టె ఇవ్వాలి, కోరుకునేవాళ్లు వాళ్ల చేతి నుంచి తీసుకోవాలి. ఎదుటి మనిషి లేకుండా ఆ మొక్కు సాగదు. మతమూ కులమూ అడిగే తీరిక ఆ నీళ్లలో ఎవరికీ ఉండదు. ఇరుగుపొరుగు మధ్యా ఇదే సూత్రం పనిచేస్తుంది. కొత్తగా దిగినవాళ్లు ఏమీ అడగకుండా మంచివాళ్లనిపించుకోవాలని చూస్తారు. ఒక స్క్రూడ్రైవరు అడిగి తెచ్చుకుని, తిరిగిచ్చేటప్పుడు గిన్నెడు చేపల పులుసు పట్టుకెళితే రెండు పనులూ అయిపోతాయి. పులుసు ఎలాగూ మర్నాటికే బాగుంటుంది కాబట్టి తొందర లేదు. గిన్నె ఖాళీగా రాదు.

ఫోన్‌ను సరిగ్గా వాడటం

దూరాన ఉన్న పిల్లలకు ఫోనే దిక్కు. 2021లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ చేసిన ప్రయోగాల్లో పాత స్నేహితుడికి ఫోన్ చెయ్యాలంటే ఇబ్బందిగా ఉంటుందని జనం అనుకున్నారు. తీరా చేశాక ఇబ్బంది ఈమెయిల్ రాసిన దాని కంటే ఎక్కువేమీ లేదు, దగ్గరితనం మాత్రం ఎక్కువ కలిగింది. పని చేసింది గొంతు. మొహం కనిపించడం వల్ల కొత్తగా కలిసొచ్చింది పెద్దగా లేదు. కాబట్టి సిగ్నల్ సరిగా లేని పల్లెకు వీడియో కాల్ చేసి "అమ్మా కనిపిస్తున్నానా, అమ్మా కనిపిస్తున్నానా" అనుకుంటూ పది నిమిషాలు పోగొట్టడం కంటే మామూలు కాల్ నయం.

రోజూ చేసినా తృప్తి లేకపోవడానికి ఒక కారణం ప్రశ్నల పట్టిక. తిన్నారా, మందులేసుకున్నారా, బీపీ ఎంత, పనిమనిషి వచ్చిందా. మూడు నిమిషాల్లో అయిపోతుంది, హాజరు పట్టీలాగే ఉంటుంది. దాని బదులు పని అడగండి. "నాయనా, ఈ డాక్యుమెంట్లో కుంట అంటే ఎన్ని సెంట్లు?" "అమ్మా, పులుసుకు చింతపండు ఎంత నానెయ్యాలి, ఇప్పుడే పొయ్యి మీద పెడుతున్నా, లైన్‌లోనే ఉండు." ఆమె చెబుతుంది, తిడుతుంది, పక్కింటి కబురు ఒకటి అందులో కలుస్తుంది, నలభై నిమిషాలు పోతాయి. వారానికి అలాంటివి రెండు చాలు, మిగతా రోజులు హాజరు పట్టీ అయినా ఫర్వాలేదు.

నాన్నల సమస్య వేరు. ఫోనెత్తి "ఆ, బాగుండాం, ఇదిగో అమ్మకిస్తా" అనడం వాళ్ల జాతీయ గీతం. అమ్మ ఫోన్‌కు చేసినంత కాలం అది మారదు. ఆయన నంబరుకు, ఆమె గుళ్లో ఉండే వేళ చూసి, విడిగా చెయ్యాలి. మొదటి నాలుగు సార్లు రెండేసి నిమిషాలే మాట్లాడతాడు. తర్వాత తర్వాత గేదె గురించో, నీటి పన్ను గురించో ఆయనే ఎత్తుకుంటాడు.

వేళ కూడా ఖాయం చెయ్యాలి. డాలస్‌లో రాత్రి ఎనిమిదంటే మనకు వేసవిలో మర్నాడు పొద్దున్న ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. నవంబరు మొదటి ఆదివారం, మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు మారతాయి. ఈ మాట ముందే చెప్పకపోతే నవంబరులో ఆ మర్నాడు సోమవారం పొద్దున పెద్దావిడ గంటసేపు ఫోన్ చేతిలో పట్టుకుని ఏదో జరిగిందని భయపడుతూ కూర్చుంటుంది. ఇంకొకటి: "అమ్మ ఈమధ్య ఫోన్‌లో సరిగ్గా మాట్లాడటం లేదు" అనిపిస్తే అలక అనుకునే ముందు చెవి పరీక్ష చేయించండి. వినికిడి తగ్గినవాళ్లు సగం మాటలకు "ఆ, ఆ" అని పెట్టేస్తారు, నలుగురిలోకి పోవడం మానుకుంటారు. వినికిడి లోపం మతిమరుపు జబ్బు ముప్పును కూడా పెంచుతుందని లాన్సెట్ వైద్య పత్రిక వేసిన కమిషన్ 2020లోనూ, 2024లోనూ చెప్పింది.

పెద్దవాళ్లను నగరానికి తెచ్చుకోవడం

ప్రేమతో చేసే పనుల్లో ఎక్కువగా బెడిసికొట్టేది ఇదే. ఊళ్లో ఉన్నప్పుడు అయిదుగురు దగ్గరివాళ్లు లేకపోయినా వంద మంది పలకరించేవాళ్లున్నారు. హైదరాబాదు ఫ్లాటులో ఆ పొర మొత్తం ఒక్క రోజులో పోతుంది, మిగిలేది సాయంత్రం ఏడు దాకా తాళం వేసిన తలుపు. భర్త పోయిన నెలలోపే భార్యను తీసుకెళ్లిపోవడం మరీ దెబ్బ, మనిషీ పోయి, ఊరూ పోతుంది.

తీసుకెళ్లక తప్పకపోతే మూడు నెలలు ఉండి చూడమని చెప్పి తీసుకెళ్లండి. ఊళ్లో ఇంటిని ఉండటానికి వీలుగా ఉంచండి: కరెంటు బిల్లు కట్టి, మోటారు నెలకోసారి వేయించి, ఒక గది శుభ్రంగా. తిరిగి పోవచ్చన్న నమ్మకం ఉంటే ఎక్కువ రోజులు ఉంటారు. మొదటి వారం పిల్లలు సెలవు పెట్టి గుడి, కూరల బండి, టైలరు, పార్కులో తెలుగు మాట్లాడే బెంచీ, వీటన్నిటికీ కాళ్లతో దారి చూపించాలి. ఇంటి తాళంచెవి ఒకటి వాళ్లదే, చేతిలో అడగక్కర్లేని డబ్బు, ఇంట్లో తప్పించలేని ఒక పని. మనవడిని బస్సెక్కించడం అవ్వ పని అయితే, జ్వరమొచ్చిన రోజు కూడా "రేపు నేనే పోతా" అంటుంది.

ఆస్తి సంగతి ఇక్కడ ఎత్తడం ఇష్టం లేకపోయినా ఎత్తాలి. పిల్లల పేర రాసిచ్చేవాళ్లు, తమను పోషించాలన్న షరతు ఆ గిఫ్ట్ డీడ్‌లోనే రాయించుకోవాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం షరతు తప్పితే ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చెయ్యగలదు. అర్జీ ఆర్డీవో దగ్గర పెట్టుకోవాలి. సలహాకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, మనసు బాగాలేనప్పుడు ఏ వయసువాళ్లకైనా టెలి మానస్ 14416.

తెగిన చోట ముడి వెయ్యడం

పదేళ్లుగా మాటలు లేని స్నేహితుడికి ఫోన్ చెయ్యాలంటే చెయ్యి రాదు. మన ప్రాంతంలో హఠాత్తుగా వచ్చే ఫోన్‌కు మూడే అర్థాలు: పెళ్లి పిలుపు, ఇన్సూరెన్సు, అప్పు. అందుకని మొదటి మాటలోనే ఆ మూడూ కావని తేల్చెయ్యాలి. "పనేం లేదురా, కోటప్పకొండ తిరునాళ్లలో చెప్పులు పోగొట్టుకుని నడిచిన సంగతి గుర్తొచ్చి చేశా." ఇద్దరికే తెలిసిన ఒక్క వివరం ఉంటే చాలు. రెండు మూడు నిమిషాల్లో ముగించి, మళ్లీ ఎప్పుడో మీరే చెప్పి పెట్టెయ్యండి. మొదటి ఆరు నెలలు ఏ సాయమూ అడగొద్దు.

అప్పు దగ్గర తెగిన స్నేహాలకు మాత్రం మాట సరిపోదు. స్నేహితుడికి ఇచ్చేటప్పుడు, తిరిగి రాకపోయినా తట్టుకునేంత మొత్తమే ఇవ్వాలి. అంతకు మించితే నోటు రాయించుకోవడం అనుమానం కిందికి రాదు. నోటుకు మూడేళ్ల గడువుంది, దాటితే కోర్టులో చెల్లదు. మధ్యలో కొంత కట్టించుకుని నోటు వెనక సంతకంతో జమ రాయిస్తే మళ్లీ మూడేళ్లు. స్నేహితుల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీ తీసుకునేవాడు ఆ రోజు నుంచి వడ్డీ వ్యాపారే. చాలా ఇళ్లలో చూస్తే స్నేహం చెడేది డబ్బు ఇవ్వలేకపోయినందుకు కాదు, ఫోన్ ఎత్తనందుకు.

చావు జరిగిన ఇంటికి పోయే పద్ధతి మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. పెద్దకర్మ దాకా ఇల్లు కిటకిటలాడుతుంది. సమస్య ఆ తర్వాత. షామియానా విప్పిన మర్నాటి నుంచి ఎవరూ రారు, అప్పుడే కాగితాల పని మొదలవుతుంది. దగ్గరివాళ్లయితే మొదటి పదిరోజుల్లో ఒకసారి పోయి, అసలు సమయాన్ని రెండో నెలకు దాచిపెట్టండి. "ఏదైనా అవసరమైతే చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. "గురువారం పదింటికి బండి తీసుకొస్తా, బ్యాంకుకు పోదాం" అనాలి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. ధ్రువపత్రం నకళ్లు పదైనా తీసుకోండి, ఎక్కడికి పోయినా అడుగుతారు. సచివాలయంలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి అర్జీ, బ్యాంకులో నామినీ క్లెయిమ్, పెన్షన్ ఉంటే కుటుంబ పెన్షన్, గ్యాస్, కరెంటు మీటరు పేరు మార్పు, పొలముంటే పాసుపుస్తకం. ఒక్కో కౌంటరు దగ్గర గంట నిలబడాలి, ఒక్కోదానికి రెండుసార్లు తిరగాలి. ఇదంతా అయ్యేసరికి ఆ ఇంటి మనిషితో ముప్పై గంటలు గడిపి ఉంటారు.